గాలితిత్తి

తెలుగులో మంచు అన్న మాట ఒక్కటే. తెల్లవారుజామున గడ్డిపోచ మీద నిలిచే బొట్టూ మంచే, పుంగనూరు రోడ్డు మీద ఎదుటి బస్సును కనపడనీయని పొగా మంచే, హిమాలయాల నెత్తిన పడివున్న గడ్డా మంచే. సంస్కృతంలో తుషారమనీ, తుహినమనీ, నీహారమనీ, ప్రాలేయమనీ బోలెడు పేర్లున్నాయి. వాటిని మనం పద్యాలకు వాడుకుని, బజారుకు వెళ్ళేటప్పుడు ఇంట్లో వదిలి వెడతాం. ఇరవయ్యేళ్ళుగా కాలేజీలో తెలుగు చెబుతున్నాను. ఈ లోటు నన్నెన్నడూ బాధించలేదు. మా చౌడేపల్లెకు ఆ ఒక్క మాటా చాలు. జనవరిలో మఫ్లరు చుట్టుకుంటాం, బోయకొండ వైపు చూస్తే పొద్దెక్కేదాకా మసకగా వుంటుంది, అంతే. తొట్టిలో నీళ్ళు గడ్డకట్టడం మా తాతముత్తాతలు కూడా ఎరగరు.

2019 జనవరిలో మాత్రం ఆ ఒక్క మాట మా ఇంట్లో పెద్ద చిక్కు తెచ్చిపెట్టింది. "మంచుకు బండి కూలబడింది అన్నా" అని అమెరికానించి మా తమ్ముడు ఫోను చేశాడు. కారు మంచుగుట్టలో కూరుకుపోయిందేమో, పారతో తవ్వుకుంటే పోతుందిగదా అని నేననుకున్నాను. మా ఆవిడ, మంచులో కారు తడిస్తే పాడవుతుందా అన్నది. పక్కన అరుగు మీద కూర్చుని బీడీ ముట్టించబోతున్న మా మేనమామ మాత్రం అగ్గిపుల్ల ఆర్పేసి, "మంచు బయటుండాదా, లోపలుండాదా? అది అడుగు ముందు" అన్నాడు.

తెలుగు పంతులుకు కార్ల రోగాలతో ఏం పని అని పాఠకులు అడగవచ్చు. నిజమే. కాని ఆ బండిలో ఆసుపత్రికి వెళ్ళవలసిన మనిషి మా మరదలు. నెలలు నిండి వున్నది. మొదటి కాన్పుకు వియ్యపురాలు వెళ్ళివచ్చింది కనక రెండోదానికి మా అమ్మ వంతు. ఆరు నెలల వీసా తీసుకుని, పచ్చళ్ళూ, కారప్పొడీ, పురిటి మందులూ మూటగట్టుకుని అమ్మ డిసెంబరులో మినియాపొలిస్ చేరింది. పదివేల సరస్సుల రాష్ట్రమని అక్కడివారు కారు నంబరు పలకల మీద కూడా రాసుకుంటారట. శీతకాలంలో ఆ సరస్సులన్నీ గడ్డకట్టి, జనం వాటి మీద గుడిసెలు వేసుకుని, గడ్డకు కన్నంపెట్టి చేపలు పడతారు. అమ్మ ఆ సంగతి చెబితే మా వీధిలో ఎవరూ నమ్మలేదు.

ఇక కారు సంగతి. మామూలు కారుకు చక్రానికీ చట్రానికీ నడుమ ఇనపచుట్ట వుంటుంది. లారీకయితే కమాను పట్టీలు. తమ్ముడి బండికి వాటి స్థానంలో నాలుగు రబ్బరు తిత్తులు. బస్సు డ్రైవర్లు వాటిని బెలూన్లంటారు. నాకు మాత్రం తిత్తి అన్న మాటే బాగుంది. మన కమ్మరి కొలిమికీ తిత్తే, మనిషి ఊపిరికీ తిత్తే. సైకిలుపంపుకు కరెంటు మోటారు తగిలించినట్టు ఒక కంప్రెసరు బయటి గాలిని పీల్చి ఈ తిత్తుల్లోకి కొడుతుంది. బరువెక్కితే ఇంకాస్త గాలి, బరువు దిగితే కాస్త వదలడం. ఏ మూల ఎంత ఎత్తున వుందో చూసి చెప్పడానికి ఒక్కో చక్రం దగ్గర ఒక్కో కొలతగాడు. ఆగినప్పుడు మీట నొక్కితే బండి రెండంగుళాలు కిందికి వంగుతుంది. మోకాళ్ళనొప్పుల మా అమ్మ మొదటిరోజు దాన్ని చూసి, "మావటి మాట విన్న ఏనుగు మాదిరి వంగిందిరా" అని ముచ్చటపడి, దాని బానెట్టుకు పసుపూ కుంకమా కూడా పెట్టింది. అమ్మ కోసమూ, నిండుమనిషి కోసమూ అనే తమ్ముడు ఆ బండిని సెకండ్‌హాండులో కొన్నాడు.

ఈ సదుపాయం కొత్తదేమీ కాదు. 1957లోనే కాడిలాక్‌వారి ఎల్డొరాడో బ్రోహం అనే ఖరీదయిన కారుకు గాలితిత్తులు పెట్టారు. అవి కారిపోయి, కార్లు చతికిలబడి, కొన్నవాళ్ళలో చాలామంది తిత్తులు పీకించి ఇనపచుట్టలు వేయించుకున్నారు! కార్లలో అట్లా తప్పటడుగు పడినా బస్సుల్లో నిలదొక్కుకున్నది. మన దేశంలో 2001లో వోల్వో బస్సులు వచ్చాక మనబోటివాళ్ళకు కూడా దాని సుఖం తెలిసింది. వాటి కర్మాగారం మదనపల్లెనించి బెంగుళూరు వెళ్ళే తోవలో, హోసకోట దగ్గరే వుంది. మన వాతావరణంలో వాటికి దుమ్మూ, గతుకులూ శత్రువులు. గడ్డకట్టించే చలి అనే మూడో శత్రువు మనకు లేదు.

తమ్ముడి బండికి సంక్రాంతి వెళ్ళిన వారంలో లక్షణాలు కనపడ్డాయి. రాత్రి తిన్నగా నిలిపిన బండి తెల్లారేసరికి ముందరి కుడిమూల వంగి వుంటుంది. ఇంజను వేస్తే కాసేపు గురగురమని లేస్తుంది. వారం తిరిగేసరికి లేవడం మానేసింది. ఒక వర్క్‌షాపుకు తీసుకుపోతే, కంప్రెసరు పోయింది, ముందరి తిత్తులు రెండూ మార్చాలి, నాలుగువేల డాలర్ల పైచిలుకు అవుతుంది, అదీ పది రోజులు ఆగాలి అన్నారు. అప్పుడు డాలరు డెబ్భై ఒక్క రూపాయల చిల్లర. అమ్మ నోటిలెక్క కట్టి, "దాదాపు మూడు లక్షలా! పురిటిఖర్చుకు పెట్టుకున్న దుడ్డురా అది" అని కూలబడింది.

మా మామ ఇరవై ఆరేళ్ళు లారీ నడిపాడు. మదనపల్లె మార్కెట్టులో టమాటా ఎక్కించుకుని ఢిల్లీలో దించేవాడు. అక్కడ తిరుగులోడు దొరక్కపోతే జమ్మూ దాటి ఆపిల్‌పండ్లకు పోయేవాడు. శ్రీనగరు తోవలో బనిహాల్ దగ్గర, 1956లో తెరిచిన జవహర్ సొరంగానికి ఇవతల, మంచుకు దారి మూసేస్తే రెండేసి మూడేసి రోజులు లారీలు వరసగా నిలబడిపోయేవట. "దారి తెరిచినారని బండి తీస్తే బ్రేకు వదల్లేదు. లైనులో నీళ్ళు గడ్డకట్టినాయి. నేను గాలి టాంకీ కింద కుళాయి తిప్పి రోజూ నీళ్ళు వదిలేవాణ్ణి. ఆ రెండు రోజులు చలికి సోమరిపోతునై దిగలా. అంతే" అంటాడు. బ్రేకు లారీకి, తిత్తి కారుకు. రెంటికీ ప్రాణం గాలే, రెంటికీ విషం నీళ్ళే. అందుకే అగ్గిపుల్ల ఆర్పి ఆ ప్రశ్న వేశాడు.

"లోపల మంచెట్లుంటాది మామా?" అన్నాడు ఫోనులో తమ్ముడు.

"పంపు పీల్చే గాలి యాడిదిరా? బయటిదే గదా! ఎండాకాలం దాంట్లో తేమ వుండదా? అప్పుడు మింగింది ఇప్పుడు గడ్డకట్టింది. ఒరే చిన్నోడా, ఆ షాపువాళ్ళను తిట్టబాక, పొగడబాక. నేనడిగిండేదానికి జవాబు చెప్పు. దిగితే ఒక మూలే దిగుతుందా, నాలుగూ దిగుతుండాయా? ఒక్కసారిగా దిగుతుందా, రాత్రంతా మెల్లిగానా? చలి తగ్గిన పూట లేస్తుందా?"

తమ్ముడు నీళ్ళు నమిలాడు. ఎవరు చూశారు? తెల్లారి చూస్తే దిగివుంటుంది. అంతే తెలుసు.

అక్కడినించి మా ఇంట్లో ఒక విచిత్రమయిన వైద్యశాల నడిచింది. వాళ్ళకు ఉదయం ఏడయితే మనకు సాయంత్రం ఆరున్నర. దీపాలవేళకు ఫోను గోడకు ఆనించి మామ దాని ముందు పీట వేసుకుని కూర్చునేవాడు. అటు తమ్ముడు టేపు పట్టుకుని నాలుగు చక్రాల దగ్గరా, చక్రం నడిబొడ్డునించి పైరేకు అంచుదాకా ఎన్ని అంగుళాలో కొలిచి చెప్పేవాడు. నేను కాలేజీ హాజరుపట్టీ వెనక గీతలు గీసి రాసేవాణ్ణి. తమ్ముడు ఆఫీసుకు పోయినప్పుడు అమ్మే కొలత. చీర మీద రెండు స్వెట్టర్లూ, వాటి మీద కొడుకు కోటూ తొడుక్కుని వాకిట్లోకి వచ్చి, టైరుకూ రేకుకూ నడుమ చెయ్యి పెట్టి, "వెనకాల బెత్తెడుంది. ముందర కుడిపక్క వేలు కూడా దూరలేదబ్బా!" అని నివేదిక ఇచ్చేది. అంగుళాలకన్నా ఆ బెత్తెళ్ళే మా మామకు త్వరగా అర్థమయ్యేవి.

మామ ఎరిగింది లారీ. కారులోని సూక్ష్మాలు నేను పుస్తకాలు తిరగేసి చెప్పాను. గాలికి చల్లబడితే కుంచించుకుపోయే గుణముంది. ఇరవై డిగ్రీల వెచ్చదనంలో నింపిన తిత్తిని సున్నాకు ముప్ఫై డిగ్రీల కిందికి తీసుకుపోతే లోపలి గాలి ఇంచుమించు ఆరోవంతు తగ్గుతుంది. అది రోగం కాదు, ప్రకృతి. కాని ఆ తగ్గుదల నాలుగు మూలలకూ ఒకటిగా వుండాలి. ఒక్క మూలే దిగితే వేరే కారణం వెతకాలి. రబ్బరు చలికి బిరుసెక్కి మడతలో పగిలివుండవచ్చు. గొట్టం అతుకు దగ్గరి వుంగరం బిగుసుకుని సందు ఇచ్చివుండవచ్చు. లేదా గాలిని నాలుగు దారుల్లోకి పంచే కవాటంలో చిన్న మంచుపలుకు అడ్డం పడివుండవచ్చు. బ్యాటరీ చలికి నీరసించినా కంప్రెసరు పలకదు. కొలతగాడి కీలు మీద మంచు పేరుకున్నా అది అబద్ధం చెబుతుంది. ఈ చివరి రెండూ ముందు చూడమన్నాము. ఖర్చు లేనివి గనక. బ్యాటరీ బాగుంది. కీళ్ళ మీద మంచు వుంటే తమ్ముడు తుడిచాడు, బండి కదల్లేదు.

ఎవరో వేన్నీళ్ళు పొయ్యమన్నారట. మామ కేక వేశాడు. ఆ చలిలో వేన్నీళ్ళు రెండు నిమిషాల్లో గడ్డ! రోగం లోపలుంటే బయట ఇంకో పొర అంటించినట్టవుతుంది. లేపే మీట పదేపదే నొక్కడం కూడా మాన్పించాడు. గొట్టం మూసుకుపోయివుంటే కంప్రెసరు వూరికే వగర్చి కాలిపోతుంది. బాగున్నది కూడా అట్లా చస్తుంది. మరొక్క మాట మాత్రం రోజూ చెప్పేవాడు: తిత్తి మీద నిలబడిన బండి కిందికి తల దూర్చకూడదు. అది ఎప్పుడు దిగుతుందో దానికే తెలియదు.

పరీక్ష మామే తేల్చాడు. "బండిని వెచ్చని కొట్టంలో ఒక రాత్రి పెట్టు. మంచయితే కరిగి లేస్తుంది. చిల్లయితే వెచ్చగున్నా దిగుతుంది."

తమ్ముడి గరాజులో వెచ్చదనం లేదు, చోటూ లేదు, అట్టపెట్టెలున్నాయి. రెండిళ్ళ అవతల నెల్లూరివారు వున్నారు. వాళ్ళ గరాజుకు హీటరుంది. ఆయన తన పాత వ్యానును బయట పెట్టుకుని, దాని ఇంజను చల్లబడకుండా కరెంటు తీగ తగిలించి, మా బండికి చోటిచ్చాడు. రెండిళ్ళే గనక నడకవేగంతో తోలుకుపోయారు; వంగిన తిత్తి మీద దూరం పోతే మడత చిరుగుతుంది. అది 29వ తేదీ సాయంత్రం. ఆ వారం వుత్తరధ్రువంనించి చలిగాలి విరుచుకుపడింది. 30వ తేదీ తెల్లవారుజామున మినియాపొలిస్‌లో సున్నాకు కింద 33 డిగ్రీల సెంటిగ్రేడు. బడులు మూసేశారు. తపాలావారు సైతం ఆ రోజు బట్వాడా ఆపేశారు.

ఆ ఉదయం తమ్ముడు గరాజులో ఇంజను వేసి మీట నొక్కితే, బండి నాలుగు నిమిషాల్లో నిండుగా లేచి నిలబడింది. ఫోనులో ఆ ఏనుగును చూసి మా ఆవిడ చప్పట్లు కొట్టింది. కంప్రెసరు బతికే వుందన్న మాట! తమ్ముడి ముఖం వికసించింది. ఇంటికి తోలుకుపోతాననీ, ఇక భయం లేదనీ అన్నాడు.

మామ ముఖంలో సంతోషం లేదు. "సబ్బునీళ్ళు కలుపు" అన్నాడు.

బయటయితే సబ్బునీళ్ళు కూడా గడ్డకట్టేవి. గరాజు గనక వీలయింది. ముందరి కుడి తిత్తి మడతలో బ్రష్షుతో రాస్తే, పసిపిల్ల నోట నురుగులాగా సన్నని బుడగలు వచ్చాయి. రాత్రికి ఆ మూల అర అంగుళం దిగింది. మంచూ నిజమే, చిల్లూ నిజమే. ఒకదానికొకటి తోడు.

ఆ రాత్రి అన్నదమ్ములమిద్దరమూ వాదించుకున్నాం. వాడి వాదం సబబుగానే కనపడింది. ఆసుపత్రి ఇరవై మైళ్ళు. అర అంగుళానికి కొంప మునగదు. లేచి నిలబడిన సొంత బండి వుండగా అర్ధరాత్రి పరాయివారి తలుపు తట్టడమెందుకు? అంబులెన్సు ఎట్లాగూ వుందిగదా అని కూడా పాఠకులకు తోచవచ్చు. వుంది; కాని నొప్పులు మొదలయిన ప్రతి ఇల్లాలూ అంబులెన్సులో పోదు, ఇక్కడయినా అక్కడయినా. నాకు ఎటూ పాలుపోలేదు. మామ ఫోను తన చేతిలోకి తీసుకున్నాడు.

"ఒరే చిన్నోడా, అది లేచింది ఆ కొట్టం వెచ్చదనానికి. నీళ్ళు యాడికీ పోలేదు. బయటికి తీస్తే అర్ధగంటకు మళ్ళా గడ్డ. బనిహాల్ కాడ నాకు జరిగిండేది అదే. మధ్యాన్నం ఎండకు వదిలిందని తీసినాను, మలుపులో పట్టింది. నేనొక్కణ్ణే వుండా గనక సరిపోయింది. నువ్వు నిండుమనిషిని ఎక్కించుకోని పోతావా? ఆ నెల్లూరాయప్పకు ఇప్పుడే చెప్పి పెట్టుకో."

తమ్ముడు చెప్పి పెట్టుకున్నాడు. ఆ రాత్రే ఒంటిగంటకు నొప్పులు మొదలయ్యాయి. నెల్లూరాయన ఇనపచుట్టల వ్యాను, పద్నాలుగేళ్ళ ముసలిది, దడదడలాడుతూ వాళ్ళను ఆసుపత్రికి చేర్చింది. పెద్దపిల్లను ఒళ్ళో వేసుకుని అమ్మ నెల్లూరావిడ దగ్గర కూర్చుంది. తెల్లవారుజామున నాలుగింటికి ఆడపిల్ల. నాకు మధ్యాహ్నం మూడున్నర. రెండో సంవత్సరం పిల్లలకు సమాసాలు చెబుతున్నాను. పాఠం అక్కడే ఆపి చాక్లెట్లు తెప్పించాను.

ఆ మర్నాడు తమ్ముడు బండిని గరాజులోనించి తీసి తన వాకిట్లో పెట్టాడు. గంట లోపల కుడిమూల నేలకు వంగింది. ఫోటో పంపాడు, కింద ఏమీ రాయలేదు.

ఫిబ్రవరి మొదట్లో చలి విరిగేసరికి అది తనంతట తనే మళ్ళీ లేవసాగింది. ఇట్లా లేచినప్పుడే జనం బాగయిందనుకుని వూరుకుంటారు. తమ్ముడు వూరుకోలేదు. మా పట్టీలోని కొలతలన్నీ తెల్లకాగితం మీద రాసి వర్క్‌షాపువాళ్ళకు చూపించాడు. వాళ్ళు, చెప్పుకోవలసిన మాటే, చిన్నబుచ్చుకోకుండా చదివి, గేజి పెట్టి కంప్రెసరును పరీక్షించి అది గట్టిగానే వుందన్నారు. మార్చినవి కుడి తిత్తీ, దాని అతుకు వుంగరమూ, కంప్రెసరు పక్కన తేమ పీల్చే డబ్బా. గొట్టాలన్నీ పొడిగాలితో వూదారు. పదిహేనువందల డాలర్ల లోపల తేలింది.

ఆ డబ్బా సంగతి చెప్పాలి. కొత్త చెప్పుల పెట్టెలో తినకూడదని రాసివుండే చిన్న పొట్లం వుంటుంది చూడండి, ఆ జాతి గింజలే దాన్నిండా వుంటాయి. లోపలికి పోయే గాలిలోని తేమను అవి పట్టుకుంటాయి. బండి వంగినప్పుడు బయటికి పోయే పొడిగాలి మళ్ళీ వాటిమీదుగానే పోయి, వాటిని ఆరబెడుతుంది. చక్కని ఏర్పాటు. కాని తిత్తికి చిల్లు పడితే గాలి ఆ దారిన పోదు, చిల్లునించి పోతుంది, గింజలు ఆరవు. పోయిన గాలికి బదులు కంప్రెసరు రోజంతా కొత్తగాలి మింగుతుంది. గింజలు ఇంకా నానుతాయి. పదివేల సరస్సుల దేశంలో జూలై వుక్క ఎట్లా వుంటుందో వూహించుకోండి. ఎప్పుడో వేసవిలో పడిన సూదిబెజ్జం, ఆర్నెల్లకు మంచుగడ్డయి బయటపడిందన్న మాట. ఆ డబ్బా విప్పితే గింజలు సంగటి ముద్దలాగా వున్నాయనీ, రెండు చెంచాల నీళ్ళు కారాయనీ తమ్ముడు చెప్పాడు.

మామకు ఇదంతా వివరిస్తే, అంతా విని, "ఇంత ఖరీదు బండికి కింద ఒక కుళాయి పెట్టలేకపోయినారా?" అన్నాడు. పాతకాలంలో లారీలకు చేసినట్టు గొట్టాల్లో స్పిరిటు పొయ్యమని కూడా ఒకసారి సలహా ఇచ్చాడు గాని, అది ఆ గింజలకూ రబ్బరుకూ చేటని వర్క్‌షాపువాళ్ళు చెబితే ఒప్పుకున్నాడు.

అమ్మ మే నెలలో తిరిగి వచ్చింది. ఆ యేడు నవంబరులో తొలిమంచు పడగానే, ఎవరూ అడక్కుండానే తమ్ముడు నాలుగు అంకెలు పంపాడు. నేను గాభరాగా మామకు చదివి వినిపించాను; ప్రతిదీ వేసవి లెక్కకన్నా కాస్త తక్కువే వుంది. ఆయన కళ్ళు మూసుకుని రెండుసార్లు చెప్పించుకున్నాడు.

"నాలుగూ ఒకటే మాదిరి దిగినాయి గదా. అది వట్టి చలి. వాణ్ణి పోయి పండుకోమను" అన్నాడు.